నేను చదివి వినిపించిన కాగితం

మా అత్త నుయ్యి ఎవరి వల్ల పాడయిందని మా వీధిలో ఎవర్నడిగినా ఒక్క మనిషినే చెబుతారు. నేనూ అతన్నే చెప్పేదాన్ని. ఏడేళ్ళపాటు పొద్దున్న లేచి అతన్ని తిట్టుకోకుండా పొయ్యి ముట్టించలేదు. మా ఇంట్లో కూర్చుని, మా అన్నం తిని, నన్ను చెల్లీ అని పిలిచి, వీధి మొత్తాన్ని మోసం చేసి వెళ్ళిపోయాడు. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయితే నిజం అంతవరకే అయితే ఇప్పుడు కూర్చుని ఇదంతా రాయవలసిన అవసరం నాకు ఉండేది కాదు.

డెబ్బైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టిల్లు దువ్వాడ స్టేషనుకి కోసెడు దూరంలో ఒక పల్లె. మా ఆయన పోర్టులో కళాసీ. ఓడల తాళ్ళు లాగీ లాగీ ఆయన అరచేతులు చెప్పు తోలులా ఉండేవి. విశాఖపట్నం పాత ఊళ్ళో, కొండ వాలుకీ పోర్టు గోడకీ మధ్య ఇరుక్కున్న వీధి మాది. ఒక పక్క పదిహేడు పెంకుటిళ్ళు వరసగా, ఎదురుగా ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే గొడౌను గోడ. తెల్లగుడ్డ ఆరేస్తే సాయంత్రానికి ముడి ఇనుము దుమ్ము పడి ఎర్రబడేది. దానికి అందరమూ అలవాటు పడ్డాం. అలవాటు పడలేనిది మురుక్కాలవకి.

గొడౌను గోడ పక్కన తెల్లదొరలనాటి ఇటుక కాలవ ఒకటి ఉండేది, పైన నల్లరాతి బండలతో. కొండమీది వీధులన్నిటి మురుగూ అందులోంచే కిందికి దిగాలి. ఇటుకలు ఎక్కడికక్కడ కూలిపోయి, నాలుగు చినుకులు పడితే చాలు, బండల సందుల్లోంచి పొంగి మా అరుగుల మీదకి వచ్చేది. ఆ వచ్చినదాంట్లో ఏమేం ఉండేవో రాయను, చదివేవాళ్ళు కూడా అన్నం తినాలి కదా.

ఇక ఆడవాళ్ళ సంగతి. వీధి మొత్తానికి ఒక్క మరుగుదొడ్డి లేదు. తెలవారకముందే చెంబు పట్టుకుని కొండ వాలెక్కాలి. మా పల్లెలో జీడితోటలుండేవి, చెట్ల చాటుండేది. ఇక్కడ బోడికొండ, కింద పోర్టు దీపాలు. పెద్దవాడు కడుపులో ఉండగా, ఏడో నెలలో, వాన తడికి కాలు జారి ఆ వాలు మీద దొర్లాను. బిడ్డకేమీ కాలేదు గానీ, ఆ రోజునుంచి నాకు ఒక్కటే కోరిక. ఇంట్లో తలుపున్న దొడ్డి ఉండాలి. చీరలూ నగలూ కోరుకునే వయసులో నేను మురుగు పైపు కోరుకున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మా అత్తకి మాత్రం ప్రపంచంలో ఉన్నదల్లా ఆ నుయ్యే. ఇల్లు కట్టుకునేటప్పుడు ఆవిడా మా మామా కలిసి తవ్వుకున్నారట. ఆయన దిగి తవ్వుతుంటే ఈవిడ గట్టున నిలబడి మట్టి తట్టలు లాగేదట. చుట్టుపక్కల ఏ నుయ్యి నీళ్ళు నోట పెట్టినా ఉప్పే, సముద్రం అంత దగ్గర. కొండ ఊట తగలడం వల్ల కాబోలు మాది ఒక్కటే తియ్యగా ఉండేది. పెరట్లో తవ్వుకుంటే అందరూ ఇంట్లోంచి రావలసి వస్తుందని, వీధి వేపు, వాకిట్లోనే తవ్వించిందట. మా మామ పోయాక కూడా ఆ పద్ధతి మారలేదు. పదిహేడు ఇళ్ళవాళ్ళూ తోడుకునేవారు. యారాడ నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడ ముందు మా గిలక దగ్గర కడుపు నిండా నీళ్ళు తాగాకే వీధిలో కేకేసేది. ఎండాకాలం పూడిక తీసే రోజున వీధి మగాళ్ళందరూ పనికి ఎగనామం పెట్టి మా వాకిట్లో ఉండేవారు. మా అత్త వాళ్ళని పేరు పేరునా తిట్టి పని చేయించి, పేరు పేరునా వడ్డించేది. చెప్పులతో చప్టా ఎక్కితే ఎంతటివాడినైనా దింపేసేది. ఆ నుయ్యి వల్లే ఆవిడ మాటకి వీధిలో విలువ.

నా విలువ వేరే రకం. నేను ఎనిమిది పాసయ్యాను. ఆ వీధి ఆడవాళ్ళలో అదే పెద్ద చదువు. అంతకంటే పెద్ద సంగతి, నాకు తంతులు, అంటే టెలిగ్రాములు, చదవడం వచ్చు. మా నాన్న పల్లెలో ఉత్తరాలు పంచేవాడు. తంతి ఇంగ్లీషు అంటే పట్టుమని పది మాటలు. ఫాదర్, మదర్, సీరియస్, ఎక్స్‌పైర్డ్, స్టార్ట్, రీచింగ్. వాటి ఆకారాలు నాకు చిన్నప్పుడే కంటికి అలవాటయ్యాయి. కాపరానికి వచ్చిన ఏడాదే నాలుగో ఇంటికి తంతి వస్తే, వాళ్ళు గొల్లుమనబోతుంటే, చేతిలోంచి తీసుకుని చూసి, ఎవరూ పోలేదు, మనిషి బయల్దేరి వస్తున్నాడని చెప్పాను. అంతే, ఆ రోజునుంచి నాకు ఇంగ్లీషు వచ్చేసిందని వీధి తీర్మానించేసింది. మా అత్త ఆ మాట పంపు దగ్గరా, చేపల బజార్లోనూ, ఎక్కడ నలుగురుంటే అక్కడ చెప్పుకునేది. నేను కాదనలేదు. కాదనడానికి బుద్ధి పుట్టలేదు.

ఎనభైల మొదట్లో ఒకరోజు గొలుసులూ కర్రలూ పట్టుకుని మనుషులొచ్చి వీధి కొలిచారు. పాత ఇటుక కాలవ తీసేసి, కొత్తగా సిమెంటు పైపులు వేసి, ఇంటింటికీ మరుగుదొడ్డి కనెక్షను ఇస్తారట. ఆ మాట వినగానే నాకు పండగొచ్చినట్టుంది. అయితే పైపు ఏ పక్కనుంచి వెళ్తుందన్నది తేలలేదు. గొడౌను గోడ వేపు వేస్తే ఎవరికీ బాధ లేదు. మా వేపు వేస్తే అరుగులన్నీ పోతాయి. అరుగులు పోతే పోయాయి, నుయ్యికి మూడు బారల దూరంలోంచి మురుగు పారుతుంది.

"మురుగ్గొట్టం నా నుయ్యి పక్కనెడతారేటి? ఎట్టమను. ముందు నన్ను ఆ గోతిలో ఎట్టి, నా మీద ఎట్టమను," అంది మా అత్త.

ఆవిడ అన్నాక వీధి కూడా అదే అంది. గొడౌను గోడ వేపు అని కాగితం మీద ఉంటేనే వేలిముద్రలేస్తాం, లేకపోతే లేదు. ఇళ్ళవాళ్ళ ఒప్పుదల కాగితం లేకుండా పని మొదలుపెట్టరట. రెండు వారాలు అలాగే గడిచాయి. నాకు లోపల ఒకటే దడ, ఈ ముసలావిడ పంతానికి పైపు మరో వీధికి పోతుందేమోనని.

అప్పుడు వచ్చాడు అతను. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. సన్నగా, నూనె పెట్టి దువ్విన జుట్టుతో, జేబులో రెండు పెన్నులతో ఉండేవాడు. మా అత్త అలవాటుగా ఏ ఊరు నాయినా అని అడిగింది. ఎలమంచిలి దగ్గర ఒక పల్లె పేరు చెప్పాడు. అది మా అత్త పుట్టిన ఊరు.

"ఎవలి అబ్బాయివి?" అంది ఆవిడ, ముఖం వెలిగిపోతూ.

అతను తండ్రి ఇంటిపేరు చెప్పాడు, వాళ్ళ ఇల్లు ఏ సందులో ఉందో చెప్పాడు. ఆవిడ రెండు నిమిషాలు వేళ్ళు మడిచి లెక్కేసి వరస తేల్చింది. మేనల్లుడు. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరి వరస. మాలో ఊరి వరసంటే రక్తం కంటే గట్టిది. అప్పటికప్పుడు అతను ఆవిడకి అల్లుడయ్యాడు, మా ఆయనకి బావయ్యాడు, నాకు అన్నయ్యాడు.

ఆ రోజునుంచి మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఎండుచేపల పులుసు చేస్తే వేళ్ళు నాకేవాడు. తిన్న కంచం తనే కడిగి బోర్లించేవాడు. నేను పుట్టి బుద్ధెరిగాక తిన్న కంచం కడిగిన మగాణ్ణి చూడటం అదే మొదలు. నాకు అన్నదమ్ములు లేరు. వంటింట్లో ఆ కంచం చప్పుడు వింటుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"అత్తా, నీ నుయ్యి సంగతి నాకు తెల్దేటి? గొడౌను గోడ వేపే ఏయిత్తాను. నాను ఉన్నాను గదా," అన్నాడు.

"ఆ ముక్క రాసిత్తావేటి బావా?" అన్నాడు మా ఆయన, సగం నవ్వులాటకీ సగం నిజానికీ.

మా అత్త కొడుకు మీద విరుచుకుపడింది. "ఊరోడితో కాగితమేటిరా? సిగ్గునేదా? మీ నాన్న ఉంటే సెంప పగలగొట్టీవోడు."

మా ఆయన మంచినీళ్ళ చెంబు అందుకున్నాడు. అతను తల వంచుకుని పులుసు కలుపుకున్నాడు. ఇది మావాళ్ళు ఎప్పుడూ చేసే తప్పు. బయటివాడైతే నాలుగుసార్లు అడుగుతాం, వరస కలిసినవాణ్ణి అడగడం అవమానించడమే అనుకుంటాం.

వారం తిరక్కుండా ఒప్పుదల కాగితం తెచ్చాడు. అంతా ఇంగ్లీషు. వీధి నమ్మింది అతన్ని కాదు, నన్ను. మీ కోడలు చదివి చెబితే వేసేస్తాం అన్నారు మా అత్తతో. అతను ముందురోజు మధ్యాహ్నం చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సెల్లీ, రేపు నువ్వు సదివితే ఈదంతా ఏలేత్తాది. గొడౌను వేపు పైపు, ఇంటికో దొడ్డి కనెక్సను, ఇరిగిన అరుగులు వాలే కట్టిత్తారు. అదే ఉంది అందల. ఇంగిలీసే గదా, నీకు తెల్సిందే."

నీకు తెలిసిందే అన్నప్పుడు నా ముఖంలోకి చూశాడు. అతనికి అర్థమైపోయిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. రాదన్నయ్యా, తంతులే వచ్చు అని ఒక్క మాట అంటే సరిపోయేది. "సూత్తాన్లే," అన్నాను.

మర్నాడు సాయంత్రం నుయ్యి చప్టా చుట్టూ అందరూ కూర్చున్నారు. పక్కింట్లో అద్దెకున్న గోదావరి జిల్లా ఆవిడ పాపని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. వాళ్ళాయనకి స్టీలు ప్లాంటు కట్టేచోట పని. ఆవిడ భాష మెత్తగా, ప్రతి మాటకీ అండీ తగిలించి ఉండేది, మేం ఆట పట్టిస్తే తనూ నవ్వేది. ఆ వీధిలో నాకు స్నేహితురాలంటూ ఉంటే ఆవిడే. "మీరు చదువుతుంటే వినాలని ఉందండి," అంది.

నేను కాగితం తీసుకుని నిలబడ్డాను. అక్షరాలన్నీ తెలుసు. ఏ మాటా తెలియలేదు. పైన ఎక్కడో తేదీ ఉంది, అది పోల్చుకున్నాను. తర్వాత అతను చెప్పినదే, కాస్త గ్రాంథికం కలిపి, మధ్య మధ్య ఆగుతూ, చదువుతున్నట్టు చెప్పాను. గొడౌను గోడ పక్కగా పైపు వేయబడును. ఇంటింటికి ఒక కనెక్షను ఇవ్వబడును. నా గొంతు నాకే బాగున్నట్టనిపించింది. ఎవరూ కదల్లేదు. పసిపిల్ల కూడా ఏడవలేదు. అయ్యాక మా అత్త లేచి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, అతని దగ్గరకెళ్ళి, అందరికంటే ముందు బొటనవేలు ముద్ర వేసింది. ఆవిడ వేశాక మిగతా పదహారు ఇళ్ళకీ ఎంతో సేపు పట్టలేదు.

చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

పని మొదలైంది. కూలీలు ముందు మా అరుగులు కొట్టారు. ఇదేమిటన్నయ్యా అంటే, "ఇది ఇంటి కనెక్సన్లకి పిల్లకాలవ సెల్లీ, పెద్ద గొట్టం అటేపే," అన్నాడు. నమ్మాను. ఇంటి ముందు గొయ్యి, దాని మీద ఒక చెక్క. ఆ చెక్క మీద నడిచి బడికెళ్ళే పిల్లలు, ఆ చెక్క మీంచే బిందెలు మోసుకెళ్ళే ఆడవాళ్ళు. ఎండితే దుమ్ము, తడిస్తే బురద. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి రోజూ ఎవరో ఒకరి సైకిలు గోతిలోంచి తీసేవాడు. ఇవన్నీ ఓర్చుకున్నాం, మంచి జరుగుతుందంటే ఎవరైనా ఓర్చుకుంటారు. గొయ్యి మాత్రం రోజురోజుకీ లోతవుతోంది. పిల్లకాలవకి మనిషి లోతు గొయ్యి ఎందుకని మా ఆయన అడిగాడు. ఆ రోజునుంచి అతను మా ఇంటికి భోజనానికి రావడం మానేశాడు.

ఒక పొద్దున్న లారీలో పెద్ద పైపులొచ్చాయి, మనిషి వంగి దూరేంత వెడల్పువి. వాటిని మా వేపే దొర్లించారు. మా అత్త వెళ్ళి గోతి అంచున, నుయ్యికి ఎదురుగా, కాళ్ళు లోపలికి వేసుకుని కూర్చుంది. ఆవిడ పక్కన ఇంకో ఆడావిడ, ఇంకో ఆవిడ. పని ఆగిపోయింది. మధ్యాహ్నానికి జీపులో ఆఫీసరొచ్చాడు, పక్కన మా అన్నయ్య. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి వినడమే గానీ, నేను చూసింది అతన్నే.

ఆఫీసరు కోప్పడలేదు. కాగితం తీసి, ఇళ్ళ వేపు నుంచి లైను పోతుందని ఇందులో స్పష్టంగా ఉంది, మీరందరూ వేలిముద్రలేశారు, ఇప్పుడు ఆపితే ఎలాగ అన్నాడు. గొడౌనువాళ్ళు తమ గోడ కింద తవ్వడానికి ఒప్పుకోలేదనీ, ఆ సంగతి వీధి కొలిచిన వారంలోనే తేలిపోయిందనీ కూడా అతని మాటల్లోనే బయటపడింది. అంటే నా వంటింట్లో కంచం కడుగుతూ మాటిచ్చిన రోజుకే అతనికి అంతా తెలుసు.

మా ఆయన అతని చొక్కా పట్టుకోబోయాడు. అతను వెనక్కి తగ్గి, నెమ్మదిగా, అందరికీ వినబడేలా అన్నాడు. "నా మీదకొత్తావేటి బావా? అందల రాసిందే గదా. సెల్లి సదివి అందరికీ ఇనిపించింది గదా."

అందరూ నా వేపు తిరిగారు. గోదావరి ఆవిడ కూడా తిరిగింది. మా అత్త మాత్రం తిరగలేదు, గోతిలోకే చూస్తోంది.

నాకు చదవడం రాలేదని ఆ వేళైనా చెప్పి ఉండొచ్చు. చెప్పి ఉంటే, చదువు రాని మనిషి చేత చదివించి వేలిముద్రలు వేయించుకున్నారని ఎవరో ఒకరు వాదించేవారేమో. పని కొన్నాళ్ళయినా ఆగేదేమో. నేను మాత్రం, "నాను సదివినప్పుడు అలగ నేదు. కాయితం మార్చీసినారు," అన్నాను.

వీధి ఆ మాట పట్టుకుంది. మార్చీసినారు, దొంగ కాయితం, అని కేకలు లేచాయి. అతను నన్నే చూశాడు. చిన్నగా నవ్వాడు కూడా. ఇంకేమీ అనవలసిన అవసరం అతనికి లేదు, ముద్రలన్నీ మావే. చివరికి మా అత్తే మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

"లెగండి. ఏలేసినాం. అయిపోనాది," అంది.

నాలుగు రోజుల్లో పైపు పూడ్చేశారు. వానాకాలం వచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు, కొత్త పైపు అతుకులు మొదటి పెద్ద వానకే వదిలేశాయి. మురుగు అరుగుల మీదకి రాలేదు, నేల లోపలే పారింది. ముందు నీళ్ళకి ఒక రకం చప్పదనం వచ్చింది. తర్వాత వాసన. వాన నీళ్ళు కలిశాయిలే అనుకుని మరిగించి తాగాం. కొందరు మరిగించలేదు. పక్కింటి పాపకి వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఎనిమిది రోజులు పెద్దాసుపత్రిలో ఉంది. బతికింది. నేను రోజూ కేరియరు తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ తీసుకునేది, తినేది, నాతో మాత్రం మాట్లాడేది కాదు.

ఇంటికొచ్చిన పది రోజులకే వాళ్ళు సామాను కట్టుకున్నారు, దువ్వాడ వేపు ఇల్లు దొరికిందని. నేను సాయం చేయడానికి వెళ్తే గిన్నెలు సర్దుతూ అంది. "మీ నుయ్యని నమ్మి తాగించానండి. మిమ్మల్నేం అనట్లేదు. మిమ్మల్ని మోసం చేసినవాడు మమ్మల్నీ చేశాడు, మీరు మాత్రం ఏం చేస్తారు?"

ఆవిడ నన్ను తిట్టి ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఆ వారంలోనే మా అత్త గిలక తనే విప్పేసింది. మా ఆయన నిచ్చెన వేస్తానంటే వద్దంది. చేద తాడు చుట్టి దూలానికి వేలాడదీసింది. నుయ్యి మీద కప్పడానికి పాత కాలవ నల్లబండలు రెండు తెప్పించింది. మర్నాటి నుంచి వీధి మొత్తం పెద్దరోడ్డు పంపు దగ్గర బిందెల వరస. మా ఇంటి వేపు ఎవరూ రావడం లేదు, రావడానికి పని ఏముంది? మా అత్త పండక్కి పప్పన్నం వండి పంపిస్తే పుచ్చుకునేవారు, పలకరిస్తే పలికేవారు. ఏదైనా సంగతి తేల్చుకోవలసి వస్తే మాత్రం ఇదివరకులా మా వాకిట్లో కూర్చోలేదు. తంతి వస్తే ఇంకో వీధిలో మాస్టారి దగ్గరకు తీసుకెళ్ళేవారు.

మరుగుదొడ్డి కనెక్షను మరుసటి ఏడాదికి వచ్చింది. తలుపు, లోపల గడియ. నాకు కావలసింది నాకు దొరికింది. మొదటి రోజు గడియ వేసుకుని లోపల నిలబడి ఏడ్చాను, బయటికొచ్చి దగ్గు అని చెప్పాను.

అతన్ని తర్వాత ఒక్కసారే చూశాను, పూర్ణా మార్కెట్లో. కాస్త ఒళ్ళు చేశాడు. తప్పుకుని పోతుంటే తనే ఎదురొచ్చి, బాగున్నావా సెల్లీ, అత్త ఎలగుంది అని అడిగాడు. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. బజారంతా చూసింది. అన్నీ విని, గొంతు తగ్గించి అన్నాడు. "నీ సంగతి నాను ఎక్కడా సెప్పనేదు సెల్లీ. ఇంతవరకూ సెప్పనేదు."

నాకు మేలు చేసినట్టు అన్నాడు ఆ మాట. కూరగాయల సంచీ పట్టుకుని ఇంటికొచ్చాను. అప్పట్నుంచి అతని మీద కోపం రెట్టింపయింది. ఒకరి గుట్టు ఇంకొకరి దగ్గరుంటే కోపం అలాగే పెరుగుతుంది కాబోలు.

ఎనభైల చివర్లో మా అత్తకి కాళ్ళు పడిపోయాయి. ఆరు నెలలు మంచం మీదే ఉంది. అన్నీ నేనే చేశాను, ఎవరైనా చేస్తారు. ఒక మధ్యాహ్నం ఒళ్ళు తుడుస్తున్నాను. ఆవిడ బొటనవేలు గుడ్డలో పట్టుకుని ఉండగా ఇక నావల్ల కాలేదు.

"అత్తా, ఆ కాయితం ఎవలూ మార్చనేదు. నాకు ఇంగిలీసు రాదు. తంతులే వచ్చు. ఆడు సెప్పిందే నాను సదివినట్టు సెప్పీసినాను," అన్నాను.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. కళ్ళు మూసుకునే ఉంది.

"తెలుసు," అంది.

ఎప్పట్నించి అని అడిగాను.

"అప్పుడే. కాయితానికి రెండేపులా రాతుంది గదే. నువ్వు తిప్పనేదు."

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నేను తిప్పలేదు. నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది ఆవిడ ఒక్కతే. అక్షరం ముక్క రాని మనిషి.

"మరెందుకు ఏలేసినావత్తా?"

"ఈదంతా కూకున్నాది. మా కోడలికి సదువు రాదు, ఏలెయ్యకండీ అని నాను సెప్పాలేటి?" అంది. "ఆడు ఊరోడు, మాట తప్పడులే అనుకున్నాను," అని కూడా అంది.

అంతకంటే ఆ సంగతి మాట్లాడలేదు. పక్క మార్చమంది, మార్చాను. నెల తిరక్కుండా పోయింది.

అతను దగా చేయలేదని నేను అనను. చేశాడు, ఆ పాపం అతనిది. కానీ మా అత్త తన నుయ్యిని అతని మాట ఒక్కటీ నమ్మి పోగొట్టుకోలేదు. పదిమందిలో నా తల వంగకుండా ఉండటానికి దాన్ని నాకిచ్చేసింది. నేనది పుచ్చుకుని, ఏడేళ్ళపాటు ఆవిడ ఎదుటే కూర్చుని, నుయ్యి ఎవడో దొంగ ఎత్తుకుపోయాడని తిడుతూ వచ్చాను. ఆవిడ రోజూ విని ఊరుకుంది.